కథలో రేసింగ్ టీమ్‌కి 30 ఏళ్ల చరిత్ర కావాలి, ఒకే పేరు ఒకే ఓనర్ అంటే నవ్వుతున్నారు

కథల_కిట్టయ్య
ఒక పెద్ద కథ రాస్తున్నా, నవల అనే ధైర్యం ఇంకా రాలేదు. అందులో ఒక కల్పిత ఎఫ్‌వన్ (ఫార్ములా వన్) టీమ్ ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టించే షెడ్డు ఓనర్ ఒకాయన 1991లో ఇంగ్లండ్ వెళ్లి టీమ్ పెడతాడు, మొదటి రేసే గెలుస్తాడు, 30 ఏళ్లు అదే పేరుతో అదే ఓనర్‌తో నడుస్తుంది, చివర్లో కొడుక్కి తాళాలు ఇస్తాడు. మొన్న మా బావమరిదికి చదివి వినిపిస్తే "ఇది రేసింగ్ టీమా మిఠాయి కొట్టా, తాతల నాటి బోర్డు అలాగే ఉండడానికి" అని నవ్వాడు. కోపం వచ్చింది గానీ జవాబు దొరకలేదు. రేసులు చూడ్డం తెలుసు, టీమ్‌లు ఎలా పుడతాయో ఎలా పోతాయో తెలీదు. నమ్మేలా ఉండాలంటే ఏం మార్చాలి? పేరు కూడా ఇంకా కుదర్లేదు.

గుంటూరు_గేర్‌బాక్స్
బావమరిదిదే కరెక్ట్. ఫెరారీ, విలియమ్స్ లాంటివి పక్కన పెడితే నువ్వు చెప్పినట్టు బతికిన టీమ్ నాకు గుర్తు రావట్లేదు.

టర్బో_తాత
కథ సంగతి తర్వాత, పేరు చెప్తా విను. ముందు "శ్రీ" పెట్టు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు సంఖ్యాశాస్త్రం ప్రకారం ఒక "ఎ" ఎక్కువ పెట్టు. గెలుపు గ్యారంటీ.

గుంటూరు_గేర్‌బాక్స్
తాతా నీ ఎక్స్‌ట్రా "ఎ" బరువుకి కారు ల్యాపుకి 2 సెకన్లు లేటవుద్ది.

పిట్‌లేన్_పంతులు
కిట్టయ్యా, నీకు నమూనా వెతుక్కునే పని లేదు. ఇంగ్లండ్‌లో సిల్వర్‌స్టోన్ సర్క్యూట్ గేటుకి ఎదురుగా డాడ్‌ఫర్డ్ రోడ్డులో ఒక టీమ్ ఫ్యాక్టరీ ఉంది. 1991లో జోర్డాన్ పేరుతో మొదలైంది, 2006లో మిడ్‌ల్యాండ్, 2007లో స్పైకర్, 2008లో ఫోర్స్ ఇండియా, 2018 మధ్యలో రేసింగ్ పాయింట్, 2021 నుంచి ఆస్టన్ మార్టిన్. ఆరు పేర్లు, టీమ్ ఒక్కటే. నీ హీరోని ఎడ్డీ జోర్డాన్ పక్కన నిలబెట్టి చూడు. ఐరిష్ వాడు, మాటకారి, డ్రమ్స్ వాయించేవాడు, జేబులో డబ్బు లేకపోయినా ఉన్నట్టు నడిచేవాడు. సర్క్యూట్ లోపలే చిన్న చిన్న షెడ్లలో పని మొదలుపెట్టారు. కారు గీసిన గ్యారీ ఆండర్సన్ దగ్గర ఇద్దరో ముగ్గురో డిజైనర్లు, అంతే. ముందు కారు పేరు 911 అనుకున్నారు, ఆ నంబరు మాదని పోర్షే వాళ్లు అభ్యంతరం చెప్తే అంకెలు తిప్పి 191 చేశారు. చూశావా, పేరు గొడవ మొదటి రోజు నుంచే ఉంది.

ఇక "మొదటి రేసే గెలుస్తాడు" దగ్గరికి వస్తే, జోర్డాన్ మొదటి రేసు ఫీనిక్స్‌లో. అప్పట్లో కొత్త టీమ్‌లకి శుక్రవారం పొద్దున్నే ప్రీ క్వాలిఫయింగ్ అని ఒక గంట ఉండేది, అందులో పోతే సామాను సర్దుకోవడమే. డి చెజారిస్ కారు ఆ గంట కూడా దాటలేదు. రెండో కారులో గషో రేసు చేశాడు గానీ పాయింట్ రాలేదు. అదే ఏడాది కెనడాలో మాత్రం ఇద్దరూ 4, 5 స్థానాల్లో వచ్చారు, సీజన్ చివరికి టీమ్ 5వ స్థానంలో ఉంది. కొత్త టీమ్‌కి అదే పండగ. మొదటి గెలుపుకి మాత్రం 1998 దాకా ఆగారు.

కథల_కిట్టయ్య
ప్రీ క్వాలిఫయింగ్ సంగతి నాకు అసలు తెలీదు. పొద్దున్నే ఫెయిలై మధ్యాహ్నానికి ఇంటికి పోవడమా. మా ఎంసెట్ రోజులు గుర్తొచ్చాయి.

స్పా_వాన
పంతులుగారూ, మొదటి రేసే గెలవడం అసాధ్యమేం కాదు. 1977 అర్జెంటీనాలో వుల్ఫ్ టీమ్ తన మొదటి రేసే గెలిచింది, డ్రైవర్ జోడీ షెక్టర్. 2009లో బ్రాన్ కూడా మెల్‌బోర్న్‌లో మొదటి రేసులోనే ఒకటి రెండు స్థానాలు కొట్టింది.

పిట్‌లేన్_పంతులు
బ్రాన్ కొత్త టీమ్ ఎలా అవుతుంది స్వామీ? ముందు రోజు దాకా అది హోండా. అంతకుముందు బీఏఆర్ అనే టీమ్, ఆ బీఏఆర్ కొనుక్కున్నది టిరెల్ టీమ్‌ని. హోండా వాళ్లు ఖర్చు భరించలేక వదిలేస్తే రాస్ బ్రాన్ ఒక్క పౌండుకి తీసుకున్నాడు, ఆ కారు మీద అప్పటికే ఏడాది పైగా హోండా డబ్బు పోసింది. వండింది ఒకరు వడ్డించింది ఇంకొకరు. ఏడాది తిరక్కముందే మెర్సిడెస్‌కి అమ్మేశారు.

నెల్లూరు_నైట్రో
ఒక్క పౌండుకి ఎఫ్‌వన్ టీమ్ వచ్చింది, నాకు నెల్లూరులో పార్కింగ్ ప్లేస్ రాదు.

బోల్టు_నట్టు
ఇక్కడ అందరూ ఓనర్ల గురించే మాట్లాడుతున్నారు. కథలో పనివాళ్లు ఉంటారా లేదా? నేను కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో, శ్రీపెరంబుదూరు ట్రాక్‌లో మూడు సీజన్లు ఒక చిన్న టీమ్‌కి మెకానిక్‌గా చేశా, పేరు వద్దులే. రెండో ఏడాది సగంలో స్పాన్సర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఓనర్ మాత్రం ప్రతి శనివారం వచ్చి వచ్చే రేసుకి కొత్త స్టిక్కర్లు వస్తున్నాయి అనేవాడు. జీతం మూడు నెలలు లేదు, స్టిక్కర్లు మాత్రం నిజంగానే వచ్చాయి. కొత్త పేరు, కొత్త రంగు, కారు కింద అదే తుప్పు. హాయిగా నవ్వుకున్నాం, తర్వాత ఏడ్చాం. పాత స్టిక్కర్ గీకి కొత్తది అంటించింది నేనే. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి గోటితో లాగాలి, తొందరపడితే పెయింట్ ఊడి వస్తుంది. ఇలాంటివి రాయి కిట్టయ్యా, ట్రోఫీలు అందరూ రాస్తారు.

కథల_కిట్టయ్య
అన్నా, ఈ పోస్టు సేవ్ చేసుకున్నా. అడక్కుండా వాడుకుంటే ఏమనుకోకు.

బోల్టు_నట్టు
వాడుకో. స్టిక్కర్ మాత్రం ఎడమ నుంచి అంటించు, బుడగలు రావు.

స్పా_వాన
జోర్డాన్ కథ అంటే బెల్జియంలోని స్పా ట్రాక్ లేకుండా కుదరదు, అందుకే నా హ్యాండిల్ ఇది. 1991లో గషో లండన్‌లో ట్యాక్సీ డ్రైవర్ మొహాన గ్యాస్ స్ప్రే కొట్టిన కేసులో జైలుకి పోయాడు. సీటు ఖాళీ. మైకేల్ షుమాకర్ అనే కుర్రాడి కోసం మెర్సిడెస్ లక్షన్నర డాలర్లు కట్టింది. స్పా ట్రాక్ తెలుసా అని జోర్డాన్ అడిగితే మేనేజర్ విల్లీ వెబర్ బాగా తెలుసు అన్నాడు, కుర్రాడు అక్కడ ఒక్క రేసూ చేయలేదు. అయినా 7వ స్థానంలో క్వాలిఫై అయ్యాడు. రేసులో మొదటి ల్యాపులోనే క్లచ్ పోయింది. తర్వాతి రేసుకి బెనెటన్‌లో ఉన్నాడు! కొంగు బంగారం ఇంటికొచ్చి ఒక్క పూట ఉండి పక్కింటికి పోయింది. మళ్లీ 1998, అదే స్పా, కుండపోత. మొదటి ల్యాపులోనే పదికి పైగా కార్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. చివరికి డేమన్ హిల్ మొదటి స్థానం, రాల్ఫ్ షుమాకర్ రెండో స్థానం, రెండూ జోర్డాన్‌లే. రాల్ఫ్‌కి హిల్‌ని దాటొద్దని రేడియోలో చెప్పారు, వాళ్ల అన్నయ్య మైకేల్‌కి అది ఏమాత్రం నచ్చలేదు.

నెల్లూరు_నైట్రో
గ్యాస్ స్ప్రే కొట్టకపోతే షుమాకర్ లేడన్నమాట. ట్యాక్సీ డ్రైవర్‌కి విగ్రహం పెట్టాలి.

టర్బో_తాత
ఆ పసుపు కార్ల ముక్కు మీద ఒక ఏడాది పాము, తర్వాత ఏడాది కందిరీగ బొమ్మ ఉండేవి. సిగరెట్ ప్రకటన నిషేధం ఉన్న దేశాల్లో కంపెనీ పేరు రాయకూడదు కాబట్టి "బెన్సన్ అండ్ హెడ్జెస్" అక్షరాలు కొన్ని మార్చి "బిట్టెన్ అండ్ హిస్సెస్" అని రాసేవాళ్లు, పాముకి సరిపోయేలా. చట్టానికి చట్టం, ప్రకటనకి ప్రకటన. అంత తెలివైన స్టిక్కర్ మళ్లీ చూడలేదు. బోల్టూ, నువ్వు అంటించి ఉంటే ఒక అక్షరం తేడాగా అంటించేవాడివి.

పిట్‌లేన్_పంతులు
1999లో ఫ్రెంట్‌జెన్ ఫ్రాన్స్, ఇటలీ గెలిచాడు, టీమ్ 3వ స్థానం. అదే శిఖరం. అక్కణ్ణుంచి దిగుడే. 2002 చివర హోండా ఇంజిన్లు బీఏఆర్‌కే పరిమితమయ్యాయి. ఒక మొబైల్ కంపెనీ నుంచి పెద్ద స్పాన్సర్‌షిప్ నోటిమాటగా ఖాయమైందని నమ్మి, రాకపోయేసరికి 2003లో కోర్టుకెళ్లాడు జోర్డాన్, కేసు నిలబడలేదు. కాగితం మీద సంతకం లేని మాట నీటి మీద రాత. అదే ఏడాది బ్రెజిల్‌లో వానలో ఫిసికెల్లా గెలిచాడు, ఆ గెలుపు కూడా ఎలా వచ్చిందో చూడు. రేసు మధ్యలో ఆపేశారు, ల్యాపుల లెక్క తప్పి మొదటి ముగ్గురూ ఎక్కే పోడియం మీద రైకొనెన్‌ని పైన నిలబెట్టారు, కొన్ని రోజుల తర్వాత తప్పు దిద్దుకుని ట్రోఫీ తర్వాతి రేసు జరిగిన ఇమోలాలో చేతికిచ్చారు. జోర్డాన్ పేరు మీద అదే ఆఖరి గెలుపు. కిట్టయ్యా, ఇలాంటిది నువ్వు కల్పించి రాస్తే బావమరిది "సినిమా" అంటాడు.

విశాఖ_వీల్‌స్పిన్
మనవాడు నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్‌లోనే కదా, ఇండియానాపొలిస్‌లో 4వ స్థానం!! దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

గుంటూరు_గేర్‌బాక్స్
మాట్లాడితే నీకు బాధగా ఉంటుందని. ఆ రేసులో పరిగెత్తింది ఆరు కార్లే. మిషెలిన్ టైర్లు అక్కడి బ్యాంకింగ్ (ఏటవాలు) మలుపులో నమ్మేలా లేవని 14 కార్లు రేసుకి ముందు వేసే ఫార్మేషన్ ల్యాప్ అయ్యాక లోపలికి వచ్చేశాయి. రెండు ఫెరారీలు, రెండు జోర్డాన్లు, రెండు మినార్డీలు మిగిలాయి. జోర్డాన్లలో మాంటీరో 3, నరైన్ 4.

విశాఖ_వీల్‌స్పిన్
ఆరు కార్లయితే ఏంటి, ఆయన పరీక్షకి వచ్చాడు, మిగతావాళ్లు రాలేదు. ఆ 5 పాయింట్లు ఎవరూ చెరపలేరు. ఇప్పటికీ ఎఫ్‌వన్‌లో పాయింట్లు తెచ్చుకున్న భారతీయుడు ఆయనొక్కడే.

పిట్‌లేన్_పంతులు
ఇద్దరూ కరెక్టే. చిన్న సవరణ ఏంటంటే, 2005లో కారు మీద జోర్డాన్ అని ఉన్నా టీమ్ అప్పటికే ఆయనది కాదు. ఆ జనవరిలోనే అలెక్స్ ష్నైడర్‌కి అమ్మేశాడు, మిడ్‌ల్యాండ్ ఆయనదే. ఒక ఏడాది పాత బోర్డు అలాగే ఉంచారు.

కథల_కిట్టయ్య
ఆగండాగండి. మనిషి వెళ్లిపోయాడు, పేరు ఏడాది ఉండిపోయింది. మా వీధిలో ఒక టిఫిన్ సెంటర్ ఇంతే, అమ్మేసి ఐదేళ్లయింది, ఇంకా పాత ఓనర్ పేరుతోనే పిలుస్తాం. చట్నీ మాత్రం మారింది.

బోల్టు_నట్టు
చట్నీ మారిందంటే వంటమనిషి మారాడు. వంటమనిషి ఉంటే టిఫిన్ సెంటర్ ఉన్నట్టే.

నార్తాంప్టన్_నాని
చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యా, ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయా. నేనుండేది ఆ ఫ్యాక్టరీకి అరగంట దూరంలో. పదమూడేళ్లుగా ఆ రోడ్డు మీద వెళ్తున్నా, నేనొచ్చాక మూడు బోర్డులు చూశా. బోల్టు అన్న వంటమనిషి నిజంగా ఉన్నాడు. ఆండీ స్టీవెన్సన్ అని, జోర్డాన్ కాలంలో మెకానిక్‌గా చేరిన మనిషి, అన్ని పేర్లూ దాటుకుని ఆస్టన్ మార్టిన్‌లో స్పోర్టింగ్ డైరెక్టర్ దాకా వచ్చాడు. 191 గీసిన ఆ కొద్దిమంది డిజైనర్లలో ఒకడు ఆండ్రూ గ్రీన్, మధ్యలో వేరే చోట్ల చేసి తిరిగొచ్చి ఫోర్స్ ఇండియా కార్లు చేయించింది కూడా ఆయనే.

2018 జూలై చెప్తా. మా పక్కింటాయన అక్కడ కార్బన్ ఫైబర్ పనిలో ఉండేవాడు. హంగేరీ రేసు వారంలో టీమ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లిందని వార్త వచ్చింది, అంటే అప్పులు తీర్చలేక కోర్టు మనుషులు తాళాలు తీసుకోవడం అనుకోండి. ఆయన ఏమీ మాట్లాడేవాడు కాదు, సాయంత్రం కాగానే పెరట్లో గడ్డి కోసేవాడు. రోజూ. కోయడానికి గడ్డి లేకపోయినా మిషన్ తిప్పేవాడు. మా ఆవిడ బిర్యానీ పంపిస్తే డబ్బా కడిగి తిరిగిస్తూ "వచ్చే వారం నేను ఖాళీ అయితే మీ కంచె బాగు చేస్తా" అన్నాడు. ఆ అవసరం రాలేదు, లారెన్స్ స్ట్రోల్ వాళ్లు కొన్నారు, 405 మంది ఉద్యోగాలూ నిలిచాయి. మా కంచె ఇప్పటికీ వాలే ఉంది.

నెల్లూరు_నైట్రో
కంచె 😭

విశాఖ_వీల్‌స్పిన్
అసలు ఆ కేసు వేసింది డ్రైవర్ పెరెజే కదా, తన టీమ్ మీద తనే?

నార్తాంప్టన్_నాని
అవును, ఆయనకి రావాల్సిన బాకీ ఉంది. కానీ పన్నుల వాళ్లో ఇంకొకరో ముందు కదిలితే టీమ్ మూతపడేది, అమ్మకానికి వీలుండేది కాదు. అందుకే తనే కదిలాడు. ఇల్లు కాలుతుంటే తలుపు పగలగొట్టినట్టు. బయటివాళ్లు మొదట తిట్టారు, ఫ్యాక్టరీలో వాళ్లు తిట్టలేదు.

జై_త్రివర్ణ
మీరందరూ ఫోర్స్ ఇండియాని మధ్యలో వచ్చిన ఒక స్టిక్కర్‌లా మాట్లాడుతున్నారు. అది మన టీమ్. 2009 స్పా చూశారా లేదా? నేను హాస్టల్లో, కామన్ రూమ్ టీవీలో మిగతావాళ్లు ఏదో సినిమా పెట్టుకుంటే బతిమాలి ఛానల్ మార్పించా. ఫిసికెల్లాకి పోల్, అంటే మొదటి గడి! అప్పటిదాకా ఒక్క పాయింట్ లేని టీమ్. రైకొనెన్ సేఫ్టీ కార్ పక్కకి తప్పుకున్నాక, బ్రేకుల శక్తిని దాచి అదనపు ఊపునిచ్చే కెర్స్ బటన్ నొక్కి దాటాడు, ఫెరారీకి ఆ వ్యవస్థ ఉంది, మనకి లేదు. చివరి దాకా వెంటపడి 0.939 సెకన్ల తేడాతో రెండో స్థానం. ముప్పైమంది కేకలు, వార్డెన్ పరిగెత్తుకొచ్చాడు. పోడియం మీద ఇండియా అన్న పేరు. మీకు స్టిక్కర్ కావచ్చు.

గుంటూరు_గేర్‌బాక్స్
పోడియం మీద వాయించేది గెలిచినవాళ్ల పాటలే కాబట్టి మనది వినపడలేదు. సరే, సూటిగా అడుగుతా. పదేళ్లు నడిచింది కదా, రేసు సీటులో ఒక్క భారతీయుణ్ణి కూర్చోబెట్టారా? లేదు. ఫ్యాక్టరీ సిల్వర్‌స్టోన్, ఇంజిన్ మొదట ఫెరారీ తర్వాత మెర్సిడెస్. జెండా ఒక్కటే మనది. 2011లో నోయిడా బుద్ధ సర్క్యూట్‌లో మొదటి రేసు జరిగితే గ్రిడ్ మీద ఉన్న ఒకే భారతీయుడు నరైన్, అదీ హెచ్ఆర్‌టీ అనే వేరే టీమ్ కారులో.

జై_త్రివర్ణ
ఐపీఎల్ టీమ్‌లో ఊరివాళ్లు ఎంతమంది ఉంటారు? హైదరాబాద్ టీమ్‌ని మనది అనడం లేదా?

గుంటూరు_గేర్‌బాక్స్
...సరే ఈ పాయింట్ నీకు.

స్పా_వాన
గేర్‌బాక్స్ ఓడిపోవడం ఈ ఫోరమ్‌లో చూడ్డం మొదటిసారి.

పిట్‌లేన్_పంతులు
త్రివర్ణ చెప్పిన దాంట్లో ఉడుకు సరే, లెక్క కూడా ఉంది. 2006లో మిడ్‌ల్యాండ్‌కి సున్నా, 2007లో స్పైకర్‌కి ఒక్క పాయింట్, 2008లో ఫోర్స్ ఇండియాకి సున్నా. ఆ సున్నాలో కూడా మొనాకో ఉంది, సుటిల్ 4వ స్థానంలో ఉండగా ఇంకొన్ని ల్యాపులే మిగిలాయనగా రైకొనెన్ వెనక నుంచి గుద్దాడు. చూడండి, ఈ టీమ్ జాతకంలో రైకొనెన్ శని లాగా తిరుగుతుంటాడు. అలాంటి టీమ్ 2016, 2017 రెండేళ్లూ 4వ స్థానంలో నిలబడింది, తమకంటే ఎన్నో రెట్లు ఖర్చు పెట్టే వాళ్ల మధ్య. ఓనర్ వైపు చూస్తే మాల్యా 2016లో దేశం వదిలాడు, 2011లో వాటా కొన్న సహారా అధిపతి 2014లో జైలుకి పోయాడు. యజమానులు కోర్టుల చుట్టూ, కారు పోడియం చుట్టూ. ఆ రెండు బొమ్మలూ ఒకే పేజీలో పడితే కిట్టయ్యా, నీ నవల నిలబడుతుంది.

కథల_కిట్టయ్య
పంతులుగారూ, స్పైకర్ గురించి ఒక్క పాయింట్ అని వదిలేశారు. నా కథలో ఆ అధ్యాయం కూడా కావాలి, ఏడాదే ఉన్న పేరు కదా.

స్పా_వాన
నేను చెప్తా. 2007, నూర్‌బర్గ్‌రింగ్. మార్కస్ వింకెల్‌హాక్ అనే కుర్రాడికి అదే మొదటి రేసు, అదే ఆఖరిది. క్వాలిఫయింగ్‌లో అందరికంటే వెనక. ఆకాశం చూసి టీమ్‌వాళ్లు ఫార్మేషన్ ల్యాప్ అవ్వగానే పిట్‌లోకి పిలిచి వాన టైర్లు వేశారు. లైట్లు ఆరాక ఒక్క ల్యాపులో వాన దంచేసింది. మిగతావాళ్లందరూ జారుతూ పిట్‌లకి పరిగెడుతుంటే ఈయన స్పైకర్‌లో ముందు, అరనిమిషం పైగా తేడాతో! రెడ్ ఫ్లాగ్‌తో రేసు ఆపి మళ్లీ మొదలుపెడితే గ్రిడ్ మీద మొదటి గడిలో ఆయనే. తర్వాత కాసేపటికి కారు ఆగిపోయిందనుకో. కానీ కెరీర్ మొత్తంలో ఒకే రేసు, ఆ రేసులో లీడ్. ఎవరి జీవితంలో జరుగుతుంది ఇలా.

టర్బో_తాత
మా ఇంట్లో జరిగింది. పెళ్లి రోజు ఒక్కరోజే నేను లీడ్.

మోడరేటర్_మాస్టారు
నవ్వులు బాగున్నాయి, టాపిక్ తప్పొద్దు. పోయినసారి ఇలాగే మొదలై పరోటా రెసిపీ దగ్గర తేలింది.

విశాఖ_వీల్‌స్పిన్
ఇంకో డౌట్. 2020 డిసెంబర్‌లో బహ్రెయిన్ సాఖిర్‌లో పెరెజ్ గెలిచాడు కదా రేసింగ్ పాయింట్‌కి. మొదటి ల్యాపులో తోసేస్తే చివరికి పడిపోయి అక్కణ్ణుంచి వచ్చి గెలిచాడు. అది ఈ టీమ్‌కి మొదటి గెలుపా, ఐదోదా?

గుంటూరు_గేర్‌బాక్స్
మొదటిది. 2018లో పాత కంపెనీని కాదు, సామానుని కొన్నారు. రేసుల నియమాలు చూసే ఎఫ్‌ఐఏ సంస్థ కొత్త ఎంట్రీగా లెక్కేసింది, అప్పటిదాకా ఉన్న 59 పాయింట్లు పోయాయి, బెల్జియంలో సున్నా నుంచి మొదలు. కాగితం మీద ముక్కలైంది. జోర్డాన్ నాలుగు గెలుపులూ జోర్డాన్‌వే.

బోల్టు_నట్టు
ఐదోది. సున్నా పాయింట్లతో బెల్జియం వెళ్లిన ఆ కార్లే శనివారం 3, 4 స్థానాల్లో క్వాలిఫై అయ్యాయి, రేసులో 5, 6 వచ్చాయి. కొత్త టీమ్ రెండు వారాల్లో అలా చేస్తుందా? నట్లు బిగించిన చేతులు అవే.

గుంటూరు_గేర్‌బాక్స్
చేతులకి పాయింట్లు ఇవ్వరు.

బోల్టు_నట్టు
ఇవ్వాలి.

పిట్‌లేన్_పంతులు
దీనికి ఇంకో మెలిక. ఆస్టన్ మార్టిన్ అని 1959, 60ల్లో కూడా ఎఫ్‌వన్‌లో ఒక టీమ్ ఉంది, ఒక్క పాయింట్ రాలేదు. ఇప్పటి టీమ్‌కి దానితో పేరు తప్ప చుట్టరికం లేదు. అంటే రికార్డు పుస్తకంలో పేరు చూసి చరిత్ర వెతికితే 1959కి పోతావు, గేటు చూసి వెతికితే 1991కి పోతావు. గేర్‌బాక్స్ పుస్తకం మనిషి, బోల్టు గేటు మనిషి. నేనైతే గేటు వైపే. మినార్డీని చూడండి, ఇటలీలో ఫయెంజా ఊళ్లో 20 ఏళ్లకి పైగా ఒక్క పోడియం లేకుండా పడ్డారు. 2006లో టోరో రోసో అని బోర్డు మార్చుకున్నారు, 2008లో మోంజాలో వెటెల్ గెలిచాడు. ఆ సాయంత్రం ఫయెంజాలో మాది కాదు అని ఎవరైనా అని ఉంటారా?

జై_త్రివర్ణ
పెరెజ్ గెలుపు దగ్గర ఒకటి చెప్పలేదు మీరు. అప్పటికే వచ్చే ఏడాదికి ఆయన సీటు పోయింది, వెటెల్‌ని తీసుకున్నారు. టీమ్‌ని బతికించినవాణ్ణి పంపించేశారు. గెలిచిన రోజు ఆయన చేతిలో ఉద్యోగం లేదు. కథకి క్లైమాక్స్ అదే తమ్ముడూ.

నెల్లూరు_నైట్రో
ఫార్ములా ఈ (కరెంటు కార్ల రేసు) సంగతి కూడా పెట్టు కథలో. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన రేసు చూశా, వెర్న్ గెలిచాడు. లక్డీకాపూల్ నుంచి నడిచి వెళ్లా, దారులు మూసేశారు. పక్కనే నిలబడ్డ పెద్దాయన "శబ్దం లేకుండా రేసేంటి బాబూ, పొగమంచులో సైకిల్ పోయినట్టుంది" అన్నాడు. 2024లో రద్దయింది.

మోడరేటర్_మాస్టారు
నైట్రో, అదొక ప్రత్యేక థ్రెడ్. ఉంది కూడా, 14 పేజీలు. అక్కడికి పదండి.

కథల_కిట్టయ్య
రెండు రాత్రులు కూర్చుని మొత్తం మళ్లీ రాశా. ఓనర్ కథ తీసేశా. ఆటోనగర్ నుంచి వెళ్లేది ఇప్పుడు ఓనర్ కాదు, పెయింటర్. లారీల వెనక నెమలి, తామరపువ్వు, "హారన్ ప్లీజ్" రాసే మనిషి, ఎవరి వెంటో ఇంగ్లండ్ పోయి ఒక టీమ్ గేటు దగ్గర బోర్డులు రాసే పనిలో కుదురుకుంటాడు. టీమ్ చేతులు మారినప్పుడల్లా ఆయన్నే పిలుస్తారు. పాత పేరు గీకడు, దాని మీదే ఒక పూత వేసి కొత్తది రాస్తాడు. ఎండ ఏటవాలుగా పడే వేళ పాత అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. కొత్త ఓనర్లకి అది నచ్చదు, గీకించమంటారు. ఆయన "గీకితే రేకు పోతుందండీ" అంటాడు. లోపల కారు గెలిచిందో ఓడిందో ఆయనకి పార్కింగ్‌లో కార్లు ఎంతసేపటి దాకా ఉన్నాయో చూస్తే తెలుస్తుంది. బావమరిదికి చదివా. నవ్వలేదు. టీ ఇంకో కప్పు అడిగాడు.

నార్తాంప్టన్_నాని
పార్కింగ్ సంగతి నిజం. గెలిచిన సోమవారం తొందరగా ఖాళీ అవుతుంది, ఓడిన సోమవారం రాత్రి తొమ్మిదికి కూడా నిండుగా ఉంటుంది.

గుంటూరు_గేర్‌బాక్స్
బాగుంది. ఒప్పుకుంటున్నా. ఒక్క లోపం, రేకు మీద అన్ని పూతలు వేస్తే పగుళ్లు వస్తాయి.

బోల్టు_నట్టు
వస్తే రానీ, పగుళ్లలోంచే కదా పాత రంగు కనిపించేది. ఇంతకీ ఆ పెయింటర్‌కి డబ్బులు ఎవరిస్తారు? నా మూడు నెలల జీతం లాగా చేయొద్దు.

కథల_కిట్టయ్య
నాలుగో బోర్డు డబ్బులు ఇంకా రాలేదు అన్నా. ఐదో ఓనర్‌ని అడిగితే అది పాత కంపెనీ బాకీ అన్నాడు.

బోల్టు_నట్టు
నాకు తెలుసు!! వీడు నా ఓనర్‌ని చూసే రాశాడు.

టర్బో_తాత
అంతా బాగుంది గానీ టీమ్ పేరు చెప్పనేలేదు. ఆ "ఎ" సంగతి ఆలోచించావా?

కథల_కిట్టయ్య
పెయింటర్ బ్రష్ కడుగుతున్నాడు తాతా, ఇంకా తేల్చలేదు.